నాన్నకి రెండు స్టెంట్లు, నొప్పికి గంజాయి నూనె రాశారు. గుండె సంగతేంటి?

గోరింట_కొమ్మ

నమస్కారమండీ. మా నాన్నకి 67 ఏళ్ళు. నాలుగేళ్ళ క్రితం గుండెపోటు వస్తే రెండు స్టెంట్లు వేశారు. పోయినేడు ఎడమ పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు మాడిపోయాయి గానీ నొప్పి మిగిలిపోయింది. చొక్కా తగిలితే చాలు, నిప్పు అంటించినట్టుంటుందంటారు. ఇంట్లో తిరిగినంతసేపూ రెండు వేళ్ళతో చొక్కాని ఒంటికి ఎడంగా పట్టుకునే తిరుగుతారు. నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్‌తో పగలు కాస్త నయం, రాత్రి నిద్ర మాత్రం లేదు.

పది రోజుల క్రితం నొప్పుల డాక్టరు మెడికల్ గంజాయి నూనె రాశారు. సీసా మీద గంజాయిలోని మత్తునిచ్చే టీహెచ్‌సీ, మత్తు లేని సీబీడీ రెండూ మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు అని ఉంది. పడుకునే ముందు పావు మిల్లీలీటరుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోమన్నారు. నాలుగో రాత్రి నాన్న అర మిల్లీలీటరు వేసుకున్నారు. గంటయినా ఏమీ తెలియలేదని ఇంకో అర వేసుకున్నారట. నాకు చెప్పలేదు. రాత్రి రెండింటికి బాత్రూంకి లేచి, తలుపు రెక్క పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. స్పృహ పోలేదు. ఛాతీలో నొప్పి లేదన్నారు. వేలికి పెట్టే యంత్రంలో నాడి 118 చూపించింది. మామూలుగా 70 దాటదు.

నూనె ఆపేశాం. నొప్పుల డాక్టరుకి ఫోన్ చేస్తే మొదట్లో అలాగే ఉంటుంది, మోతాదు తగ్గించండి అన్నారు. గుండె డాక్టరు అపాయింట్‌మెంట్ ఇంకా పన్నెండు రోజులుంది. ఈ నూనె వల్ల గుండెకి నిజంగా ప్రమాదం ఉందా? వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి. ఆపేస్తే మళ్ళీ ఆ నొప్పి చూడలేం.

దూరపు_బాట

భయపడకండి అక్కా. నేను నడుం నొప్పికి రెండేళ్ళుగా వాడుతున్నాను. బీపీ, షుగర్ అన్నీ బాగానే ఉన్నాయి. ఇది మొక్క నుంచి వచ్చింది. నొప్పి బిళ్ళలు కిడ్నీలని, కడుపుని పాడుచేస్తాయి, వాటి గురించి ఎవరూ ఇంత రాద్ధాంతం చేయరు. మీ నాన్నగారు ఒకేసారి ఎక్కువ వేసుకున్నారు, అంతే. మోతాదు తగ్గిస్తే సరిపోతుంది.

మూడో_వార్డు

అమ్మా గోరింటా, నేను గుండె వార్డులో 26 ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. ముందు ఒక్క మాట. స్టెంట్లున్న మనిషి అలా జారిపోయి, నాడి 118 కొట్టిందంటే పన్నెండు రోజులు ఆగకూడదు. రేపు ఉదయమే గుండె డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి, అచ్చంగా ఇక్కడ రాసినట్టే చెప్పండి. ఒక ఈసీజీ తీయించాలి. ఈలోపు ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, చెమటలు, ఆయాసం, మాట తడబడడం, ఇందులో ఏది కనిపించినా ఫోన్లతో కాలక్షేపం వద్దు, అంబులెన్స్ పిలవండి.

ఇక జరిగిందేమిటో చెప్తాను. మత్తునిచ్చే భాగం టీహెచ్‌సీ. అది ఒంట్లో సీబీ1 అనే గ్రాహకాలకి, అంటే కణాల మీద సంకేతాలు అందుకునే చోట్లకి, అంటుకుంటుంది. అవి మెదడులోనే కాదు, గుండెలోనూ రక్తనాళాల్లోనూ ఉంటాయి. టీహెచ్‌సీ ఎక్కినప్పుడు గుండెని ఉరికించే నరాల పని పెరుగుతుంది, నిదానపరిచే నరాల పని తగ్గుతుంది. గంజాయి పొగ తాగినవాళ్ళలో నాడి మామూలు కంటే 20 శాతం నుంచి ఒక్కోసారి రెట్టింపు దాకా పెరుగుతుంది, రెండు మూడు గంటలు అలాగే ఉంటుంది. అంటే గుండె కండరానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. నాళాలు బాగున్న మనిషికి ఇది కాస్త గుండెదడతో పోతుంది. ఒకసారి పూడుకున్న నాళాలున్న మనిషికి ఆ అదనపు ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

రెండోది, పడుకున్నప్పుడు బీపీ కొంచెం పెరిగినా, లేచి నిలబడగానే దభాలున పడిపోతుంది. నాన్నగారు తలుపు పట్టుకుని జారడం నూటికి తొంభై పాళ్ళు అదే అయ్యుంటుంది. కానీ లయ తప్పడం వల్ల కూడా అలా జరగొచ్చు. ఇంట్లో కూర్చుని మనం తేల్చలేం, అందుకే ఈసీజీ అంటున్నాను.

దూరపు బాట గారూ, మీ అనుభవం మీది, కాదనను. కానీ మీ వయసెంత? స్టెంట్లున్నాయా? వార్డులో నాకు అర్థమైంది ఇదే, ఒకరికి పడింది ఇంకొకరికి పడాలని లేదు. మొక్క మాటకొస్తే, గుండెకి ఇచ్చే డిజాక్సిన్ కూడా మొక్క నుంచి వచ్చిందే. దాన్ని మేం మైక్రోగ్రాముల్లో లెక్కపెట్టి, ఇచ్చే ముందు నాడి చూసి ఇచ్చేవాళ్ళం.

మందుల_చీటీ

ఫార్మసిస్టుని. గోరింట గారూ, నాన్నగారు వాడే మందులన్నీ రాయగలరా? గుండెవే కాదు, కంటి చుక్కలు, ప్రోస్టేట్ మాత్ర, నిద్ర మాత్ర, అన్నీ.

గోరింట_కొమ్మ

మూడో వార్డు అమ్మా, చాలా థాంక్స్. ఉదయమే ఫోన్ చేశాను. ఎల్లుండికి రమ్మన్నారు, ఈసీజీ అక్కడే తీస్తారట.

మందులు: క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 40, బీపీకి ఆమ్లోడిపిన్ 5, ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్, గాబాపెంటిన్ 300 మూడు పూటలా, గ్యాస్‌కి పాంటోప్రజోల్. నిద్ర మాత్ర లేదు.

మందుల_చీటీ

అనుకున్నాను. టామ్సులోసిన్, ఆమ్లోడిపిన్ రెండూ బీపీని తగ్గించేవే, ముఖ్యంగా టామ్సులోసిన్ నిలబడినప్పుడు. గాబాపెంటిన్ కళ్ళు తిరిగేలా చేస్తుంది. ఈ మూడింటి మీద టీహెచ్‌సీ పడింది, అదీ రాత్రి, చీకట్లో, నిద్రలోంచి హఠాత్తుగా లేచినప్పుడు. ఒక్కో మందు విడివిడిగా చూస్తే తప్పేం లేదు. ఈ నాలుగూ ఒకే మనిషి ఒంట్లో, ఒకే రాత్రి కలుస్తాయని ఎవరూ చూసుకోలేదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు గనక చెప్తున్నాను. క్లోపిడోగ్రెల్ మింగినట్టుగానే పనిచేయదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైము దాన్ని మార్చాక అసలు మందవుతుంది. సీబీడీ ఆ ఎంజైముని అడ్డుకుంటుంది. ఒమెప్రజోల్‌ని క్లోపిడోగ్రెల్‌తో కలపొద్దని హెచ్చరిక ఉన్నది కూడా ఈ దారి వల్లే. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా కాపాడే మందు బలం తగ్గడం చిన్న విషయం కాదు. మీ నూనెలో సీబీడీ రోజుకి 5, 10 మిల్లీగ్రాములే గనక ఆ ప్రభావం పెద్దగా ఉండకపోవచ్చు. మూర్ఛకి వాడే సీబీడీ మోతాదులు రోజుకి వందల మిల్లీగ్రాములు, గట్టిగా కనిపించేది అక్కడ. మోతాదు పెంచుకుంటూ పోతే ఈ లెక్క మారుతుందని గుండె డాక్టరుకి తెలియాలి. అటోర్వాస్టాటిన్‌ని అరిగించే సీవైపీ3ఏ4 అనే ఇంకో ఎంజైము మీదా సీబీడీ చెయ్యి పడుతుంది. కారణం లేకుండా కండరాల నొప్పులొస్తే చెప్పండి.

చదివేవాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నవాళ్ళుంటే ఇది మీకు మరీ ముఖ్యం. సీబీడీ మొదలుపెట్టాక ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే అంకె) పెరిగిపోయి, వార్ఫరిన్ తగ్గించాల్సి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. రక్తం పలచబడే మందు వాడుతూ గంజాయి మందు మొదలుపెట్టినా, ఆపినా, మోతాదు మార్చినా పరీక్ష చేయించుకోవాలి. ఆపినప్పుడు కూడా అనే మాట జనం మరిచిపోతారు.

దూరపు_బాట

మందులు కలిస్తే ఇబ్బందన్నది ఒప్పుకుంటాను. కానీ గుండెపోట్లు తెస్తుందనే వార్తలన్నీ గాలివాటం అనిపిస్తుంది నాకు. ఆ అధ్యయనాల్లో సగం మంది సిగరెట్లు కూడా తాగేవాళ్ళే. ఎంత వాడుతున్నావని ఫోన్‌లో అడిగి రాసుకున్న లెక్కలు. అందులోనూ పొగ తాగేవాళ్ళ లెక్క తెచ్చి నూనె వాడే పెద్దాయనకి అంటగడితే ఎలా?

లెక్కల_పుస్తకం

దూరపు బాట అన్నా, మంచి ప్రశ్నలు. ఈ కాగితాలు చదవడం నాకు అలవాటు గనక కాస్త ఓపిగ్గా రాస్తాను.

మీరంటున్న ఫోన్ సర్వే అమెరికాది, 2024లో వచ్చింది. 2016 నుంచి 2020 మధ్య 4,34,104 మందిని అడిగారు. రోజూ వాడేవాళ్ళలో గుండెపోటు వచ్చినట్టు చెప్పే అవకాశం, అసలు వాడనివాళ్ళతో పోలిస్తే 25 శాతం ఎక్కువ, పక్షవాతం 42 శాతం ఎక్కువ. సిగరెట్టు ఎప్పుడూ ముట్టనివాళ్ళని విడిగా తీసి చూసినా ఆ తేడా నిలబడింది. కాబట్టి నేరమంతా పొగాకు మీదికి నెట్టలేం. అయితే ఒక్కసారి అడిగి రాసుకున్నది కాబట్టి ఏది ముందు, ఏది వెనక అని అది చెప్పలేదు. మీ అభ్యంతరం అక్కడ న్యాయమే.

మీ వైపు మాట్లాడే కాగితం కూడా ఉంది. అమెరికాలోనే కార్డియా అని, ఐదు వేల మందికి పైగా యువతీ యువకులని 1980ల మధ్య నుంచి దశాబ్దాల పాటు వెంబడించిన అధ్యయనం. 2017లో దాని లెక్క వచ్చినప్పుడు, మొత్తం మీద ఎంత గంజాయి వాడారన్నదానికీ నడివయసులో వచ్చిన గుండె జబ్బుకీ సంబంధం కనిపించలేదు. కానీ వాళ్ళు వయసులో ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేరినవాళ్ళు. గోరింట గారి నాన్నగారు ఆ గుంపులో మనిషి కారు.

నిజానికి ఈయనకి దగ్గరగా వచ్చేది డెన్మార్క్ లెక్క. అక్కడ 2018 జనవరిలో మెడికల్ గంజాయిని ప్రయోగాత్మకంగా రాయడం మొదలుపెట్టారు. దీర్ఘకాలిక నొప్పులున్నవాళ్ళలో 5,391 మందికి అలా రాసిన మందు ఇచ్చినట్టు రికార్డయింది, ఫోన్‌లో అడిగింది కాదు. అదే వయసు, అదే రకం నొప్పి ఉండి గంజాయి వాడనివాళ్ళతో పోల్చారు. 180 రోజుల్లో కొత్తగా గుండె లయ తప్పినవాళ్ళు వాడినవాళ్ళలో 0.8 శాతం, వాడనివాళ్ళలో 0.4 శాతం. ఎక్కువగా కనిపించింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి అదరడం. గుండెపోటు తరహా ఘటనల్లో మాత్రం గట్టి తేడా తేలలేదు. ఇది 2024 జనవరిలో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వచ్చింది.

పేపర్లు దీన్ని ముప్పు రెట్టింపు అని రాశాయి. అబద్ధం కాదు. అయితే వెయ్యి మందికి నలుగురు కావాల్సింది ఎనిమిది మంది అయ్యారు. మిగతా 992 మందికి ఆ ఆరు నెలల్లో కొత్తగా లయ తప్పలేదు. రెండు వాక్యాలూ నిజమే. నొప్పితో నిద్రలేని మనిషి నిర్ణయం తీసుకునేటప్పుడు రెండూ కళ్ళముందు ఉండాలని నా పట్టుదల. ఆ నలుగురు అదనపు మనుషులు ఎవరై ఉంటారన్నదే అసలు ప్రశ్న, స్టెంట్లున్నవాళ్ళు ముందు వరసలో నిలబడతారు.

దూరపు_బాట

వివరంగా రాశారు, సంతోషం. మరి నూనె మాట? పొగ లేదు కదా.

మూడో_వార్డు

పొగ లేకపోవడం మంచిదే బాబూ, అది ఒప్పుకోవాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే గుండె ఎక్కువ అడుగుతున్న సమయానికే రక్తం తక్కువ మోసుకొస్తుంది. 1974లోనే ఛాతీ నొప్పి ఉన్న పది మంది చేత ఒక గంజాయి సిగరెట్టు తాగించి వ్యాయామం చేయించి చూశారు. నొప్పి మొదలయ్యేదాకా చేయగలిగిన సమయం దాదాపు సగానికి, 48 శాతం, పడిపోయింది. టీహెచ్‌సీ తీసేసిన ఆకు తాగిస్తే తగ్గింది తొమ్మిది శాతం లోపే. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. పొగ వంతు చిన్నది, పెద్ద వంతు టీహెచ్‌సీది.

లెక్కల_పుస్తకం

అమ్మ చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. 2025లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 55 మంది ఆరోగ్యవంతుల్ని తీసుకుని చేతి రక్తనాళం ఎంత సాగుతోందో చూశారు. గంజాయి పొగ తాగేవాళ్ళు కొందరు, టీహెచ్‌సీ తినేవాళ్ళు కొందరు, ఏదీ వాడనివాళ్ళు కొందరు. వాడే రెండు గుంపుల్లోనూ నాళం సాగడం తగ్గింది. తినేవాళ్ళలో కూడా! చిన్న అధ్యయనమే, కానీ పొగ లేకపోతే నాళాలకి ఢోకా లేదన్న నమ్మకం మీద ఇక ఆనుకోలేం.

అసలు గోరింట గారి నాన్నగారి రాత్రి లాంటిదే ఒకటి కెనడా గుండె వైద్యుల పత్రికలో 2019లో వచ్చింది. 70 ఏళ్ళ పెద్దాయన, గుండె నాళాల జబ్బు ఉంది, మందులతో నిలకడగా ఉన్నాడు. నొప్పికీ నిద్రకీ పనికొస్తుందని 90 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న లాలీపాప్ చాలావరకు తినేశాడు. అరగంటలో భయంకరమైన భ్రమలు, వాటితో పాటు ఛాతీ నొప్పి. గుండెపోటు. మొదలుపెట్టాల్సిన మోతాదు 2.5 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, ఆయన వేసుకున్నది దానికి ఎన్నో రెట్లు.

మందుల_చీటీ

నోటితో తీసుకునేదాంట్లో అసలు ఉచ్చు ఇదే. పొగ నిమిషాల్లో ఎక్కుతుంది, చాలనుకున్న చోట మనిషి ఆగుతాడు. మింగిన నూనె అరగంట నుంచి రెండు గంటల దాకా తీసుకుంటుంది. పైగా కాలేయం టీహెచ్‌సీని 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుస్తుంది, అదీ అంతే మత్తు ఉన్న పదార్థం. గంటకి ఏమీ తెలియలేదని రెండో మోతాదు వేస్తే, మొదటిదీ రెండోదీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. నాన్నగారు పది గంటలకి, పదకొండు గంటలకి వేసుకుని ఉంటే రెండింటి వేళకి సరిగ్గా నడినెత్తిన ఉన్నట్టు. ఆ రాత్రి ఇంకో మోతాదు లేదు అన్నది సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలని నేనెప్పుడూ అంటుంటాను.

కదలని_కాళ్ళు

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, మెదడు, వెన్నుపాము నరాల జబ్బు), 44 ఏళ్ళు. ఇక్కడ ప్రమాదాల మాటే నడుస్తోంది గనక రెండో పక్క కూడా ఎవరో ఒకరు చెప్పాలి. రాత్రిళ్ళు నా కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయేవి. మా ఆయన ఒక్కో మోకాలిని రెండు చేతులతో పట్టుకుని వంచాలి, వంచిన నిమిషానికి మళ్ళీ తన్నుకుని బిగుసుకునేది. నోట్లో స్ప్రే చేసుకునే గంజాయి మందు నబిక్సిమోల్స్ మొదలుపెట్టాక నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోతున్నాను. అది మళ్ళీ తీసేసుకుంటామంటే నేను ఏడుస్తాను. ఎంఎస్ బిగుతుకి, కీమోథెరపీ వాంతులకి, కొన్ని రకాల నొప్పులకి ఇది పనిచేస్తుందని పెద్ద సంఘాలే ఒప్పుకున్నాయి.

కానీ నాకూ మొదటి వారం గుండెదడ వచ్చింది. పక్క మీద పడుకుంటే దిండులోంచి నా గుండె నాకే వినిపించేది. డాక్టరుకి చెప్తే ఒక స్ప్రేకి తగ్గించి, మూడు నాలుగు రోజులకి ఒక్కొక్కటి పెంచారు. వాడగా వాడగా ఒళ్ళు అలవాటు పడి దడ తగ్గింది. నాకు గుండె జబ్బు లేదు, సిగరెట్టు లేదు, మొదలుపెట్టే ముందే ఈసీజీ తీశారు. అవన్నీ కలిసొచ్చాయి. గోరింటా, మీ నాన్నగారి నొప్పిని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే ఒప్పుకోకండి. అలాగే ఆయన గుండెని తేలిగ్గా తీసేసినా ఒప్పుకోకండి.

ఉప్పునీటి_పడవ

ఇన్ని రోజులూ చదువుతూనే ఉన్నాను, రాయాలా వద్దా అని. రాస్తున్నాను.

నాకు 52. కీళ్ళ నొప్పులకి మెడికల్ గంజాయి, వేప్ రూపంలో, అంటే ఆవిరి చేసి పీల్చేది, ఏడాదిగా వాడేవాణ్ణి. ఒక సాయంత్రం మెట్లెక్కుతుంటే ఛాతీలో చేపపిల్ల కొట్టుకున్నట్టు అనిపించింది. కూర్చున్నాను, తగ్గింది. వారానికి రెండు సార్లు, తర్వాత రోజూ. చివరికి ఒక రోజు తగ్గలేదు. ఎమర్జెన్సీలో ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు, నాడి 150. ఏమైనా వాడుతున్నారా అని అక్కడి డాక్టరమ్మ అడిగింది. పక్కనే మా అబ్బాయి నిలబడి ఉన్నాడు. లేదన్నాను.

ఆ ఒక్క లేదు అన్నదానికి నేను ఎనిమిది నెలలు కట్టాను. థైరాయిడ్ పరీక్షలు, నిద్ర పరీక్షలు, ఎకో, రెండు సార్లు మందు మార్చడం. కారణం దొరక్క వాళ్ళు తలలు పట్టుకున్నారు. నేను మాత్రం రోజూ రాత్రి వేప్ పీలుస్తూనే ఉన్నాను. ఆఖరికి ఒకరోజు అబ్బాయి లేనప్పుడు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. పెన్ను మూత పెట్టి, ఎంత, ఎన్నిసార్లు, ఏ టైముకి అని మూడే ప్రశ్నలు అడిగి రాసుకుంది. ఆపేశాక లయ తప్పడం చాలావరకు తగ్గింది. నాకు బీపీ కూడా ఉంది, బరువు ఎక్కువ, గంజాయి ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయను. కానీ చీటీ మీద రాసిచ్చిన మందుని నేను సిగ్గుపడి దాచాను. దాన్ని మందుగా ఇచ్చాక బీపీ మాత్ర పేరు చెప్పినట్టే దీని పేరు కూడా చెప్పాలి. డాక్టర్లూ ఇంట్లోవాళ్ళని బయటికి పంపి అడగాలి.

మూడో_వార్డు

నాయనా, రాసినందుకు దీవెనలు. మేం అడిగే తీరులోనూ తప్పుంది. మత్తు పదార్థాలు వాడతారా అని అడిగేవాళ్ళం. చీటీ మీద నూనె తెచ్చుకునే పెద్దాయన ఆ ప్రశ్నకి లేదు అనే చెప్తాడు, ఆయన దృష్టిలో అది నిజం కూడా.

వాన_చినుకు

చిన్న ప్రశ్న. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ ఉంది. ఆవిడ కూడా డాక్టరు రాసిన గంజాయి వాడతారు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టరుకి చెప్పాలా?

మూడో_వార్డు

తప్పకుండా, ఆపరేషన్ రోజు కాదు, ముందు జరిగే పరీక్షలప్పుడే. 2023లో అమెరికా మత్తు వైద్యుల సంఘం ఒకటి, రీజినల్ అనస్థీషియాది, ఆపరేషన్‌కి వచ్చే ప్రతి ఒక్కరినీ గంజాయి గురించి అడగాలంది. గంజాయి పొగ తాగితే కనీసం రెండు గంటలు ఆపరేషన్ వాయిదా వేయమంది, గుండెపోటు ముప్పు ఆ సమయంలోనే ఎక్కువ గనక. రోజూ వాడేవాళ్ళకి మత్తుమందు, నొప్పి మందు ఎక్కువ పట్టొచ్చు. అత్తగారు తనంతట తానే హఠాత్తుగా మానేయకుండా, ఎప్పుడు ఆపాలో వాళ్ళనే అడగండి.

లెక్కల_పుస్తకం

ఆ రెండు గంటల వెనక 2001 నాటి లెక్క ఉంది. గుండెపోటుతో చేరిన 3,882 మందిని అడిగితే 124 మంది ఏడాదిలో గంజాయి తాగామన్నారు, అందులో తొమ్మిది మంది పోటుకి ముందు గంటలోపు తాగినవాళ్ళు. వాళ్ళ మామూలు అలవాటుతో పోల్చి చూస్తే ఆ మొదటి గంటలో ముప్పు 4.8 రెట్లు, తర్వాత గబగబా తగ్గిపోయింది. తొమ్మిది మంది మీద కట్టిన అంకె గనక నేను దాన్ని శిలాశాసనంలా పట్టుకోను. కానీ నాడి పరుగెత్తే గంటలూ, ముప్పు పెరిగే గంటలూ ఒకటే కావడం నాకు ముఖ్యంగా తోస్తుంది.

దూరపు_బాట

ఉప్పునీటి పడవ అన్న రాసింది రెండుసార్లు చదివాను. మూడో వార్డు అమ్మా, మీరు మొదట్లో నా వయసడిగారు, నేను చెప్పలేదు. 38. చీటీ మందే గానీ ఈ మధ్య నూనె పనిచేయడం లేదని ఆకు కొనుక్కుని పొగాకులో కలిపి తాగుతున్నాను. మా నాన్న 46 ఏళ్ళకి గుండెపోటుతో పోయారు. కొలెస్ట్రాల్ ఎప్పుడూ చూపించుకోలేదు. ఈ మధ్య తాగిన తర్వాత ఎడమ భుజం లాగుతోంది, నడుం నొప్పిలో భాగమే అనుకుంటున్నాను.

మూడో_వార్డు

బాబూ, భుజం లాగడం ఎప్పుడొస్తుంది? నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు పెరిగి, కూర్చుంటే తగ్గుతోందా? అలా అయితే నువ్వు ఈ వారం అని కాదు, రేపే వెళ్ళు. కూర్చున్నా తగ్గకపోతే ఈ రాత్రే వెళ్ళు. తండ్రికి 55 లోపు గుండె జబ్బు వస్తే కొడుక్కి అది లెక్కలోకి వచ్చే విషయం. పొగాకు మానేయ్, అది ముందు. 38కి ఏమొస్తుందిలే అన్నవాళ్ళని ఎంతమందిని పడకల మీద చూశానో నీకు తెలియదు. వెళ్ళొచ్చి ఇక్కడ ఒక్క ముక్క రాయి, నేను చూస్తుంటాను.

మందుల_చీటీ

దూరపు బాట గారూ, బయట కొన్న ఆకు ఇంకో ప్రమాదం. చీటీ నూనెలో ఎంత టీహెచ్‌సీ ఉందో సీసా చెప్తుంది. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ 1995లో సగటున 4 శాతం దగ్గరుంటే, ఈ దశాబ్దం మొదటికి 15 శాతం దాకా పోయింది. మీ చేతిలో ఉన్నది ఏదో మీకెలా తెలుస్తుంది? స్పైస్, కే2 పేర్లతో వచ్చే కృత్రిమ సరుకు చల్లిన ఆకైతే మరీ ఘోరం. అవి సీబీ1 మీద టీహెచ్‌సీ కంటే చాలా బలంగా పడతాయి.

గోరింట గారూ, నాన్నగారికి లిడోకైన్ ప్యాచ్ ప్రయత్నించారా? సర్పి తర్వాత మిగిలే నొప్పికి చర్మం మీదే అంటించేది, రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. ఈ నొప్పికి మామూలుగా రాసే అమిట్రిప్టిలిన్‌ని గుండె జబ్బుందని మానేసి ఉంటారు, అది సబబే. కానీ ప్యాచ్ ఎందుకు వదిలేశారో అడగండి.

గోరింట_కొమ్మ

అందరికీ. నిన్న వెళ్ళొచ్చాం. ఈసీజీ పాతదానితో పోల్చి చూశారు, కొత్త మార్పు లేదు. రక్తపరీక్షలో గుండె కండరం దెబ్బతిన్న గుర్తులు లేవు. లయ చూడడానికి ఛాతీకి అంటించే రికార్డరు ఒకటి పెట్టారు, వారం ఉంచాలి.

నూనె సీసా సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళాను. గుండె డాక్టరు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి లేబుల్ అంతా చదివారు. ఆయనకి ఎవరూ చెప్పలేదు. స్టెంట్ల సంగతి నొప్పుల క్లినిక్ కాగితంలో నేనే నింపాను, ఆ కాగితం అక్కడే ఉండిపోయింది. నా ముందే నొప్పుల డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడారు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

మూడో వార్డు అమ్మ చెప్పిన బీపీ పడిపోవడం ఉందో లేదో తేల్చడానికి పడుకోబెట్టి ఐదు నిమిషాలాగి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి బీపీ చూశారు. నూనె ఆపి ఇన్ని రోజులైనా పడుకున్నప్పుడు 132/78, నిలబడితే 110/68. పై అంకె 20 పడితేనే లెక్కలోకి తీసుకుంటారట, నాన్నకి 22 పడింది. టీహెచ్‌సీ లేకుండానే! ఆమ్లోడిపిన్ సగానికి తగ్గించారు, టామ్సులోసిన్ గురించి మూత్ర వైద్యుణ్ణి అడగమన్నారు.

ప్రస్తుతానికి టీహెచ్‌సీ ఉన్నది వద్దన్నారు. లిడోకైన్ ప్యాచ్ రాశారు, పన్నెండు గంటలు ఉంచి పన్నెండు గంటలు తీసేయాలి. మందుల చీటీ గారూ, ఇన్నాళ్ళూ ఎందుకు వదిలేశారని అడిగితే, రెండో డాక్టరు రాసుంటారని ఇద్దరూ అనుకున్నారట. దానితో నొప్పి లొంగకపోతే, రికార్డరు రిపోర్టు చూశాక 1 మిల్లీగ్రాము నుంచి మళ్ళీ ఆలోచిద్దాం అన్నారు. అప్పుడు ఇద్దరు డాక్టర్లూ కలిసి నిర్ణయిస్తారు. నాన్న ముందు ఒప్పుకోలేదు. ఆ నాలుగు రాత్రుల్లో రెండు రాత్రులు హాయిగా పడుకున్నాను, అది కూడా రాసుకోండి అని డాక్టరుతో అన్నారు. డాక్టరు రాసుకున్నారు.

కదలని కాళ్ళు అక్కా, ఆ సమయంలో మీరు గుర్తొచ్చారు.

మూడో_వార్డు

మంచి డాక్టరు దొరికారమ్మా. రాత్రి బాత్రూంకి లేచేటప్పుడు మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోమను, లైటు వేసే ఉంచు. రోజూ ఒకే వేళకి పడుకుని, నిలబడి రెండు బీపీలూ రాసి పెట్టు. ప్యాచ్ పుండ్లు లేని చర్మం మీదే వేయాలి సుమా.

దూరపు బాట, వెళ్ళావా?

దూరపు_బాట

వెళ్ళానమ్మా. ట్రెడ్‌మిల్ పరీక్ష సోమవారం పెట్టారు. అప్పటిదాకా ఆకు, పొగాకు రెండూ ముట్టొద్దన్నారు. డాక్టరు అడగకముందే అన్నీ చెప్పేశాను. కొలెస్ట్రాల్ రిపోర్టు రేపొస్తుంది, వచ్చాక ఇక్కడ పెడతాను.